ఏడేళ్ళ బిడ్డకు ఏడేళ్ళే

కాలనీలోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చినప్పుడు, పలకరించడానికి వెళ్ళిన వారు మొదట అడిగే ప్రశ్నలలో ఒకటి, "బాబుకు ఎన్నో ఏడమ్మా?" అన్నది. అడిగేవారికి అందులో ఆలోచించవలసినది ఏమీ లేదు. కాని జవాబు చెప్పవలసిన తల్లికి ఒక్కొక్కప్పుడు అది ఆ రోజంతటిలో కెల్ల కష్టమైన ప్రశ్న. బిడ్డకు నిజంగా ఏడేళ్ళు. ఎత్తు చూస్తే మూడు నాలుగేళ్ళ పిల్లవానికి మించదు. తలపై వెంట్రుకలు లేవు. పలుచని చర్మం క్రింద కణతల మీది నరాలు నీలంగా కనిపిస్తాయి. ముఖం చూసినవారికి తాతగారు గుర్తుకు వస్తారు. ఆ తల్లి "ఏడు" అని చెప్పిన తరువాత ఎదుటివారి ముఖంలో కలిగే మార్పును ఆమె ఎన్ని వందల సార్లు చూచి ఉంటుందో!

ఈ జబ్బు పేరు ప్రొజీరియా. ఇటువంటి బిడ్డ ఒక ఇంట పుట్టడమే అత్యంత అరుదు. అటువంటిది, ఒకే ఇంట అయిదుగురిని పెంచిన తల్లిదండ్రులు కోల్‌కతా నగరంలో ఉండేవారు. బీహారు నుంచి వచ్చిన పేద కుటుంబం అది. స్వగ్రామంలో ఆ పిల్లలు వింత చూపులకు, ఎగతాళికి గురి అయ్యారు. తోటి పిల్లలు వారితో ఆడుకొనేవారు కారు. కోల్‌కతాలో డాక్టర్ చందన్ చట్టోపాధ్యాయ, ఆయన పనిచేసిన ఎస్. బి. దేవి చారిటీ హోం వారికి అండగా నిలిచారు. వారి పేర్లు పత్రికలలో వచ్చినవే అయినా ఇక్కడ వ్రాయడం లేదు. వింత చూపులు వారికి ఇప్పటికే చాలినన్ని లభించినవి.

2005లో బ్రిటన్‌లోని చానల్ 4 ఈ కుటుంబంపై ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దానికి "ఎనభై ఏళ్ళ పిల్లలు" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ చిత్రం వలన ఆ పిల్లల సంగతి ప్రపంచానికి తెలిసిన మాట నిజమే. కాని ఆ పేరు మాత్రం సరియైనది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన అభ్యంతరం కాదు, వైద్యశాస్త్రరీత్యా కూడా ఆ మాట పొరపాటే.

ఎనభై ఏళ్ళ వృద్ధునికి కంటిలో శుక్లాలు వస్తాయి. జ్ఞాపకశక్తి తగ్గుతుంది. క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ప్రొజీరియా పిల్లలలో ఇవేవీ కనిపించవు. వారికి వచ్చేవి వేరు: ఎదుగుదల నిలిచిపోవడం, చర్మం క్రింది కొవ్వు కరిగిపోవడం, కీళ్ళు బిగుసుకొనడం, చిన్న దవడలో దంతాలు ఒకదానిపై ఒకటి ఇరుకుగా రావడం, అన్నిటికంటె ప్రమాదకరమైనది రక్తనాళాలు గట్టిపడడం. తెలివితేటలు మాత్రం ఆ వయసు పిల్లలకు ఉండవలసినట్లే ఉంటాయి. ఏడేళ్ళ ప్రొజీరియా బిడ్డ ఏడేళ్ళ బిడ్డవలెనే పేచీ పెడతాడు, అలుగుతాడు, చెల్లెలి బొమ్మ లాక్కుంటాడు, లెక్కలు ఎగగొడతాడు. ముఖం ముసలిదే గాని లోపల ఉన్నది బాల్యమే. ఆ బాల్యాన్ని ముఖం నుంచి కాపాడడమే తల్లిదండ్రుల పనిలో సగం.

వైద్య గ్రంథాలలో ఈ వ్యాధిని మొదట వర్ణించినవాడు 1886లో జొనాథన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు. తరువాత హేస్టింగ్స్ గిల్ఫోర్డ్ దానిని మరింత వివరించి, "ముందుగానే వచ్చిన వార్ధక్యం" అని అర్థమిచ్చే గ్రీకు మాటలతో ప్రొజీరియా అని పేరు పెట్టాడు. సుమారు 40 లక్షల జననాలలో ఒకరికి ఇది కలుగుతుందని అంచనా. పుట్టినప్పుడు బిడ్డ అందరి పిల్లలవలెనే ఉంటాడు. మొదటి ఏడాదిలోనే బరువు పెరగడం ఆగిపోతుంది. ఆ తరువాత జుట్టు రాలడం మొదలవుతుంది. "పాలు సరిపోవడం లేదేమో, డబ్బా పాలు పట్టి చూడు" అని పెద్దలు సలహా ఇచ్చే దశ అది. మందు లేని కాలంలో ఈ పిల్లల సగటు ఆయుర్దాయం 14 ఏళ్ళ పైచిలుకు మాత్రమే. గుండెపోటు, పక్షవాతం వారి మరణానికి ముఖ్య కారణాలు.

2009లో వచ్చిన "పా" అనే హిందీ చిత్రం మన పాఠకులలో చాలామంది చూచే ఉంటారు. అమితాబ్ బచ్చన్ పన్నెండేళ్ళ ఆరో పాత్రను ధరించి జాతీయ ఉత్తమ నటుడుగా ఎంపికైనారు. ఆ చిత్రం పుణ్యమా అని ఈ జబ్బు పేరు మన ఇళ్ళలోనూ వినిపించింది. అయితే ఆరడుగుల నటుడు వేసిన వేషం ఈ పిల్లల శరీరం ఎంత చిన్నదో చూపలేదు. వారిలో చాలామంది మూడున్నర అడుగులు దాటరు.

కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. 2003లో రహస్యం బయటపడింది. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలో ఒక కేంద్రకం ఉంటుంది. దాని గోడకు లోపలి నుంచి పందిరి రాటలవలె ఆనుకొని నిలిచే ఒక మాంసకృత్తు పేరు లామిన్-ఎ. దానిని తయారు చేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, లామిన్‌కు బదులుగా ప్రొజెరిన్ అనే వికృతమైన మాంసకృత్తు పుడుతుంది. అది కేంద్రకపు గోడకు అతుక్కుపోయి విడివడదు. గుండ్రంగా ఉండవలసిన కేంద్రకం సొట్టలు పడుతుంది. ఈ మార్పు సాధారణంగా తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని వచ్చినది కాదు. బిడ్డ రూపు దాల్చేవేళ కొత్తగా జరిగిన పొరపాటు. అందుచేత ఒక ఇంట ఒక్క బిడ్డకే వస్తుంది, తోబుట్టువులకు సాధారణంగా రాదు.

మరి కోల్‌కతా కుటుంబంలో అయిదుగురికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నే శాస్త్రవేత్తలను ఆ ఇంటి గుమ్మానికి రప్పించింది. స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చెందిన పరిశోధకులు, డాక్టర్ చట్టోపాధ్యాయతో కలిసి ఆ కుటుంబపు రక్త నమూనాలను పరిశీలించి, 2004లో "జర్నల్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్"లో ఫలితాలు ప్రకటించారు. ఇక్కడ కూడా చెడినది అదే లామిన్ జన్యువు. కాని చెడిన చోటు వేరు, విధానం వేరు. తండ్రిలోను తల్లిలోను ఆ జన్యువుకు ఉన్న రెండు ప్రతులలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచి ప్రతి ఉన్నంతవరకు ఏ లోపమూ తెలియదు. అందుచేత వారిద్దరూ ఆరోగ్యవంతులే. ఇద్దరి నుంచీ చెడ్డ ప్రతే వచ్చిన బిడ్డకు మాత్రం జబ్బు కలుగుతుంది. అదే తల్లిదండ్రులకు ఏ లోపమూ లేని కుమార్తెలు కూడా ఉన్నారు. ఇది ఆ పాత ప్రొజీరియా జాతిదేనా, లేక దానికి దగ్గరి చుట్టమా అన్న విషయంలో నిపుణులలో భేదాభిప్రాయాలు ఉన్నవి.

ఇద్దరిలోనూ ఒకే అరుదైన లోపం ఎలా కలిసింది? వారిది దగ్గరి రక్తసంబంధంలో జరిగిన వివాహం. ఒకే తాతగారి నుంచో అమ్మమ్మగారి నుంచో వచ్చిన ఒకే చెడ్డ అక్షరం రెండు శాఖలుగా పారి, ఆ పెళ్ళితో మళ్ళీ ఒకటయింది.

ఇక్కడ తెలుగు పాఠకుడు కొంచెం సర్దుకొని కూర్చోవలసి ఉంటుంది. మేనరికం మనకు కొత్త కాదు. మేనమామకు మేనకోడలిని ఇవ్వడమూ కొత్త కాదు. పైగా ఈ విషయాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసిన కథలో కూడా కోల్‌కతా ఉన్నది, తెలుగువారు ఉన్నారు. సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండును విడిచి, మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక శాస్త్ర సంస్థలో పనిచేయడానికి కలకత్తా వచ్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు యువకుడుగా ఆయన వద్దకు వచ్చి శిష్యులైనారు. హాల్డేన్‌కు మన మేనరికాలంటే మహా ఆసక్తి. యూరపులో వెదికినా దొరకని మేనమామ-మేనకోడళ్ళ వివాహాలు ఆంధ్రదేశంలో ఊరూరా కనిపించడమే అందుకు కారణం. ద్రోణంరాజు గారు, మీరాఖాన్ గారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను పరిశీలించి 1960 నుంచి పరిశోధన పత్రాలు ప్రకటించారు. మన అమ్మమ్మల పెళ్ళిళ్ళ లెక్క బరానగర్‌లోని ఆ సంస్థలో తేలినదన్న మాట!

లెక్క పెద్ద కష్టమైనది కాదు. పెదతండ్రి, చినతండ్రి, మేనత్త, మేనమామ పిల్లలకు తమలో తమకు జన్యువులలో ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామకు, మేనకోడలికి నాలుగవ వంతు. సాధారణ దంపతుల బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటే, మేనరికపు దంపతుల బిడ్డలలో ఆ సంఖ్య ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే నూటికి తొంభై నాలుగు మందికి పైగా ఆరోగ్యంగానే పుడతారు. "మా ఇంట మూడు తరాలుగా మేనరికాలే, ఎవరికీ ఏమీ కాలేదు" అని పెద్దలు చెప్పేది అబద్ధం కాదు. వారి ఇంట చెడ్డ అక్షరం లేదు, లేదా ఉన్నా కలవలేదు. కలిసిన ఇంట మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదన్న హామీ ఏదీ లేదు. ప్రతిసారీ పాచిక కొత్తగానే పడుతుంది. ఈ ఒక్క మాట ముందుగా చెప్పేవారు ఉండి ఉంటే, మొదటి బిడ్డలో జబ్బు కనిపించినప్పుడే ఎన్నో కుటుంబాలు జన్యు సలహా తీసుకొని ఉండేవి.

ఈ లెక్క తెలియడంలో మరొక ప్రయోజనం కూడా ఉన్నది. మన ఇళ్ళలో బిడ్డకు ఏ లోపం కలిగినా మొదటి వేలు కోడలి వైపే చూపుతుంది. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నదని, కడుపుతో ఉండగా ఏదో చూచి దడుచుకున్నదని. అక్షరాలు ఇద్దరి నుంచీ వచ్చినవి, లేదా ఎవరి నుంచీ రాక కొత్తగా మారినవి. కత్తిపీటకు ఇందులో పాత్ర లేదు.

సరే, బిడ్డ పుట్టాడు, జబ్బు పేరు తెలిసింది. ఇక రేపు ఉదయం నుంచి ఏమి చేయాలి?

అన్నిటికంటె ముందు అన్నం. ఈ పిల్లలు ఒక పూట కడుపునిండా తినలేరు. కాని వారి శరీరానికి శక్తి అవసరం తక్కువేమీ కాదు. రెండు గంటలకు ఒకసారి కొంచెం కొంచెంగా పెట్టవలసి ఉంటుంది. దంతాలు ఇరుకుగా, ఆలస్యంగా వస్తాయి కనుక గట్టివి నమలలేరు. ముద్దపప్పు కలిపిన మెత్తని అన్నం, నలిపిన సున్నుండ, నువ్వుల పొడి, అరటిపండు, ముల్లు జాగ్రత్తగా తీసిన చేప, ఇవన్నీ పనికి వస్తాయి. నెయ్యి, నూనెల మోతాదు మాత్రం రక్తనాళాల పరిస్థితిని బట్టి వైద్యుడే చెప్పాలి. బంగాళాదేశపు వేసవి ఉక్కలో ఒక విషయం మరువరాదు: ఒంట్లో నీరు తగ్గితే ఈ పిల్లలకు పక్షవాతపు ప్రమాదం పెరుగుతుంది. బడికి పంపేటప్పుడు టిఫిను డబ్బా మరచినా మరవవచ్చును గాని మంచినీళ్ళ సీసా మరువకూడదు. జుట్టు లేని తలకు ఎండలో టోపీ, కొవ్వు లేని ఒంటికి పుష్య మాసపు చలిలో రెండు స్వెట్టర్లు.

పాదాల క్రింద కూడా కొవ్వు ఉండదు. నేల గట్టిగా తగులుతుంది. మెత్తని అడుగు ఉన్న బూట్లు అలంకారం కాదు, అవసరం. తుంటి కీలు తేలికగా తొలుగుతుంది కనుక పెద్ద గెంతులు కూడవు. అట్లని కూర్చోబెట్టి ఉంచితే కీళ్ళు మరింత బిగుసుకుంటాయి. ఫిజియోథెరపిస్టు నేర్పిన కదలికలు ప్రతిరోజు ఇంటిలో చేయించవలసినదే. గోరువెచ్చని నీళ్ళలో ఆడనివ్వడం మంచిది. నిద్రలో కనురెప్పలు పూర్తిగా మూతపడని పిల్లలకు కళ్ళు ఎండిపోకుండా రాత్రి మందు వేయాలి. పళ్ళ వైద్యానికి గాని, చిన్న ఆపరేషనుకు గాని మత్తు ఇవ్వవలసి వస్తే, దవడ చిన్నది, గొంతు మార్గం ఇరుకు అన్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. టీకాలు అందరి పిల్లలవలెనే వేయించవలెను. గుండె, రక్తనాళాల పరీక్షలు క్రమం తప్పరాదు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ విషయం హృద్రోగ నిపుణుడు నిర్ణయిస్తాడు.

బడి సంగతి ఎక్కువ చెప్పుకోవలసి ఉన్నది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే వెనుకంజ వేస్తారు. ఏడిపిస్తారేమో, పడదోస్తారేమో, అసలు ఎందుకు వచ్చిన బాధ, ఇంటిలోనే చదువు చెప్పిద్దామని. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కాని చదువులో ఈ బిడ్డకు ఏ లోటూ లేదు. లోటు బల్లకు ఉన్నది. కాళ్ళు నేలకు అందని బల్ల మీద అయిదు గంటలు కూర్చొని చూడండి, ఎవరికైనా లెక్కలు రావు. కాళ్ళ క్రింద ఒక చెక్క పెట్టె, చేతికి అందే కుళాయి, తన ఎత్తుకు తగిన మరుగుదొడ్డి మెట్టు, ఉపాధ్యాయుని మాట బాగా వినబడేందుకు ముందు వరుసలో చోటు (కొందరికి వినికిడి కొంత తగ్గుతుంది). ఈ నాలుగూ ఒక వడ్రంగికి, ఒక ప్రధానోపాధ్యాయునికి ఒక పూట పని. బిడ్డ చేరక ముందే తరగతి పిల్లలతో మాట్లాడడం మరీ ముఖ్యం. పిల్లలు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. "అంటుకుంటుందా?" అంటుకోదు. "నొప్పి పుడుతుందా?" అప్పుడప్పుడు కీళ్ళలో. "వాడికి నిజంగా ఏడేళ్ళేనా?" నిజంగా ఏడేళ్ళే. ఈ మూడు జవాబులు విన్న పిల్లలు నాలుగవ రోజున అతని ముఖం సంగతి మరచిపోతారు. మరవలేనివారు మనమే, పెద్దవాళ్ళం. మాటలు అనేది కూడా మనమే: "పాపం, తాతలా ఉన్నాడు" అని బిడ్డ వినేటట్లు అనడం, ఎత్తు చూచి రెండేళ్ళ పాపతో మాట్లాడినట్లు ముద్దు మాటలు మాట్లాడడం. పదేళ్ళ పిల్లవానికి రెండూ అవమానాలే.

మందుల విషయంలో ఆశ లేకపోలేదు. ప్రొజీరియా ఉన్న ఒక బాలుని తల్లిదండ్రులు, వైద్యులైన లెస్లీ గోర్డన్, స్కాట్ బెర్న్స్, మరికొందరితో కలిసి 1999లో అమెరికాలో ప్రొజీరియా పరిశోధన సంస్థను స్థాపించారు. అప్పటికి కారణమే తెలియదు. నాలుగేళ్ళలో జన్యువు దొరికింది. క్యాన్సర్ కోసం తయారైన లోనాఫార్నిబ్ అనే మందు ప్రొజెరిన్ గోడకు అతుక్కొనడాన్ని తగ్గిస్తుందని తేలి, 2007లో పిల్లలపై పరీక్షలు మొదలై, 2020 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది. జబ్బును మాన్పదు గాని ఆయుష్షును కొన్నేళ్ళు పొడిగిస్తుంది. అయితే లామిన్ లోపాలలో అన్ని రకాలకూ ఇది వర్తించదు. కనుక బిడ్డలో మారిన అక్షరం ఏదో జన్యు పరీక్ష చేయించి తెలుసుకొనడం తప్పనిసరి. 2021లో ఎలుకలలో ఆ తప్పుడు అక్షరాన్నే సరిదిద్ది వాటి ఆయుష్షును రెట్టింపుకు పైగా పెంచిన ప్రయోగం వెలువడింది. ఎలుకలకూ బిడ్డలకూ మధ్య దూరం చాలా ఉన్నది.

పరీక్షలకు, సలహాకు దూరం పోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం క్రింద కోల్‌కతాలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి వైద్య విద్యా సంస్థను, హైదరాబాదులో నిమ్స్‌తో కలిపి సి.డి.ఎఫ్.డి.ని విశిష్ట కేంద్రాలుగా ఎంపిక చేశారు. నిర్ణీత జాబితాలోని వ్యాధులకు ఇచ్చే ఆర్థిక సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. జాబితాలో తమ బిడ్డ జబ్బు ఉన్నదో లేదో అక్కడే విచారించుకొనవచ్చును. ఉద్యోగులకు ఉపయోగపడే మరొక సంగతి: వికలాంగుడైన బిడ్డను చూచుకొనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సాధారణ బదిలీల నుంచి, పాలనా అవసరాలకు లోబడి, మినహాయింపు ఇవ్వాలని సిబ్బంది శాఖ 2014 జూన్‌లో ఉత్తర్వు వెలువరించింది. ప్రభుత్వరంగ సంస్థలలో దీని అమలు ఆయా సంస్థల నిబంధనలను బట్టి ఉంటుంది కనుక పర్సనల్ విభాగంలో విచారించుకొనడం మేలు. పదేళ్ళు ఒకే వైద్యుడు చూచిన బిడ్డను మరొక రాష్ట్రానికి తీసుకొని వెళ్ళి మొదటి నుంచి మొదలు పెట్టడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

ఇక మిగిలినది తల్లిదండ్రులు ఎవరితోనూ పైకి అనలేని ప్రశ్న: బిడ్డకు ఎంతవరకు చెప్పాలి? చెప్పకపోయినా తెలుస్తుంది. కోల్‌కతా ఇంటిలో అన్నకో అక్కకో జరిగినది తమ్ముడు కళ్ళారా చూచినవాడే. ఆ పిల్లలలో పలువురు తరువాతి సంవత్సరాలలో ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. అడిగినంతవరకు, అడిగిన వయసుకు తగిన మాటలలో, అబద్ధం లేకుండా చెప్పడమే మంచిదని ఈ పిల్లలతో పనిచేసిన వైద్యుల అభిప్రాయం. ఎంతకాలం అన్న ప్రశ్న కంటె, రేపు ఏమి చేద్దాం అన్న ప్రశ్న ఆ వయసు పిల్లలకు దగ్గరిది.

పైన చెప్పిన సంస్థను స్థాపించిన వైద్య దంపతుల కుమారుడు శామ్ బెర్న్స్ సంగతి ఇందుకు ఉదాహరణ. ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో అతనికి బడి బ్యాండులో డోలు వాయిస్తూ అందరితో కవాతులో నడవాలని కోరిక. డోలు, దానిని భుజాలకు తగిలించుకొనే సరంజామా కలిపి 18 కిలోలు. అతని ఒంటి బరువు 23 కిలోలు. వద్దు బాబూ అనడం ఎంతో తేలిక. తల్లిదండ్రులు అట్లా అనలేదు. ఒక ఇంజనీరును కలిసి, అతని ఎముకలు మోయగలిగినట్లుగా ఆ సరంజామాను కొత్తగా చేయించారు. మొత్తం బరువు మూడు కిలోల లోపుకు దిగింది. శామ్ 2014 జనవరిలో, పదిహేడవ ఏట మరణించాడు. అంతకు ముందే ఆ డోలు మెడలో వేసుకొని, తన వయసు పిల్లల వరుసలో, మైదానమంతా నడిచాడు.